ఎర్ర పిచ్చుకగూళ్ళు

ఓ చిన్న లెక్కతో మొదలెడదాం. మీ చేతిలో 55 హెక్టార్ల స్థలం ఉంది. మన లెక్కలో దాదాపు 136 ఎకరాలు. ఊరు పారిస్, ఈశాన్యం మూల. మధ్యలోంచి కాలువ పోతోంది. నిన్నమొన్నటిదాకా అక్కడ పశువుల సంత, కబేళా ఉండేవి. క్లయింటు ఫ్రాన్స్ ప్రభుత్వం. రిక్వైర్‌మెంట్ ఒకటే లైను: 21వ శతాబ్దానికి తగ్గ పార్కు కావాలి. అడిగింది 1982లో. ఏం చేస్తారు?

నేనైతే ముందు నాలుగు మీటింగులు పెట్టేవాణ్ణి.

పోటీకి 470కి పైగా ఎంట్రీలు వచ్చాయి. మరుసటి ఏడాది గెలిచినాయన పేరు బెర్నార్డ్ చూమీ. స్విట్జర్లాండ్‌లో పుట్టాడు, అప్పటికి నలభై దాటలేదు, చెప్పుకోదగ్గ బిల్డింగ్ ఒక్కటీ కట్టలేదు. పాఠాలు చెప్పేవాడు, వ్యాసాలు రాసేవాడు, బొమ్మలు గీసేవాడు. ఆయన చేసిన పని వింటే కోడ్ రాసేవాళ్ళకి నవ్వొస్తుంది. స్థలం మొత్తం మీద ఓ గ్రిడ్ పరిచాడు. అటూ ఇటూ 120 మీటర్లకో చుక్క, సంక్రాంతి ముగ్గుకి పెట్టినట్టు. చుక్క ఎక్కడ పడితే అక్కడ ఓ చిన్న ఎర్ర కట్టడం. అలా మొత్తం 26. ఆ పార్కు పేరు పార్క్ ద లా విలెట్. 1987లో తొలి భాగం తెరిచారు, మిగతా పని తొంభైల్లో కూడా నడిచింది.

ఆ ఎర్ర కట్టడాలకి ఆయన పెట్టిన పేరు ఫోలీ. ఫ్రెంచ్‌లో ఆ మాటకి పిచ్చి అని అర్థం. పూర్వం జమీందార్లు తోటల్లో సరదాకి కట్టించుకున్న చిన్న విహారమందిరాల్ని కూడా ఫోలీలనే అనేవారు. ఆయన రెండర్థాలూ వచ్చేలా వాడుకున్నాడు. తెలుగులో దీనికి సరిపోయే మాట మన చిన్నప్పుడే ఉంది: పిచ్చుకగూడు. తడి ఇసకలో పాదం పెట్టి, పైన ఇసక మెత్తి, మెల్లగా కాలు లాగేస్తే మిగిలేది. అందులో ఎవరుంటారు, దేనికి కట్టావు అని ఎవరూ అడగరు. పిచ్చి అన్నదీ ఆ మాటలోనే దాక్కుని ఉంది, పిచ్చుకకి దానితో సంబంధం లేకపోయినా.

డిజైన్ చూడండి, చాలా సింపుల్. 10.8 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. ఒక క్యూబ్. దాన్ని మూడు వైపులా మూడేసి భాగాలు చేస్తే 3.6 మీటర్ల గడులు 27 వస్తాయి. రూబిక్స్ క్యూబ్ అనుకోండి. ఇక ఆట మొదలు. ఇక్కడ రెండు గడులు తీసెయ్, అక్కడ ఓ మెట్లదారి బయటికి లాగు, ఇంకోచోట ఓ సిలిండర్ గుచ్చు, పైన ఓ చక్రంలాంటిది పెట్టు. అన్నిటికీ ఎర్ర ఎనామిల్ పూసిన ఉక్కు రేకులు తొడుగు. ఒకే బేస్ క్లాస్, 26 రకాల ఆబ్జెక్టులు. డ్రాయింగుల్లో వాటి పేర్లు కూడా ఎక్సెల్ షీట్లో సెల్ పేర్లలా ఓ అక్షరం, ఓ అంకె.

అన్నిటికంటే వింత ఏంటంటే, గీసేటప్పుడు ఏది దేనికో ఆయన తేల్చలేదు. ఫలానా ఫోలీలో కాఫీ షాపు ఉండొచ్చు, ఫస్ట్ ఎయిడ్ ఉండొచ్చు, పిల్లల వర్క్‌షాపు ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. రూపానికీ పనికీ ముడిపెట్టక్కర్లేదన్నది ఆయన వాదం. ఈ ప్రాజెక్టు మీద 1986లో వేసిన పుస్తకం పేరు కూడా ఖాళీ గడి అని అర్థం వచ్చేదే. దానికి తత్త్వవేత్త జాక్ డెరిడా వ్యాసం రాశాడు. ఆ వ్యాసాన్ని మాత్రం రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో చదవాలని చూడకండి.

రెండేళ్ళ కింద ఆఫీసు పనిమీద పారిస్ వెళ్ళినప్పుడు ఈ పార్కు చూడ్డానికి ఓ ఆదివారం పెట్టుకున్నా. అక్కడే ఉద్యోగం చేస్తున్న నా ఇంజినీరింగ్ రూమ్మేట్ తోడొచ్చాడు. మొదటి ఫోలీ కనపడగానే వాడు అడిగిన ప్రశ్న ఇప్పటికీ మర్చిపోలేను.

"ఏంట్రా ఇది, కడుతూ కడుతూ మధ్యలో ఆపేశారా? మీ మామయ్య అపార్ట్‌మెంట్‌లాగ."

"ఆపలేదురా. ఇదే ఫైనల్."

"మరి దీంట్లో ఏం చేస్తారు?"

"దీంట్లోనా? ఏమీ చెయ్యరనుకుంటా."

"ఓహో. గవర్నమెంటు డబ్బులా?"

వాడి ప్రశ్న వెటకారంగా ఉన్నా అసలు సంగతి పట్టేసింది. ఎందుకంటే, ఈ ఎర్ర రూపాలకి మూలమైన కట్టడాలు గీసినవాళ్ళ దగ్గర 'దీంట్లో ఏం చేస్తారు' అన్న ప్రశ్నకి ఠక్కుమని జవాబుండేది. అక్కణ్ణుంచే వాళ్ళు పెన్సిల్ పట్టుకున్నారు.

అది తెలియాలంటే పారిస్ నుంచి మాస్కోకి, 1922కి వెళ్ళాలి. విప్లవం జరిగి ఐదేళ్ళు. అంతర్యుద్ధం అప్పుడే ముగుస్తోంది. ఇనుము లేదు, సిమెంటు లేదు, కరెంటు అంతంతమాత్రం. అదే ఏడాది మాస్కోలో వ్లాదిమీర్ షుఖోవ్ అనే ఇంజినీర్ రేడియో టవర్ పూర్తిచేశాడు. ముందు గీసింది 350 మీటర్లకి. ఉక్కు దొరక్క దాదాపు 150 మీటర్ల దగ్గర ఆపాల్సొచ్చింది. మరోపక్క చదవడం రానివాళ్ళు కోట్లలో ఉన్నారు. నిరక్షరాస్యత పోగొట్టాలని 1919 చివర్లో ఏకంగా ఓ చట్టమే చేశారు. రాజధానిలో ఏం జరుగుతోందో వీధిలో నడిచే మనిషికి ఎలా చెప్పాలి?

గుస్తావ్ క్లుత్సిస్ అనే లాట్వియా కుర్రాడు దీనికి కట్టడాలు గీశాడు. అప్పటికి వయసు ఇరవై ఏడు. ఇంచుమించు నా వయసే, అందుకే ఆయన మీద నాకు కొంచెం ఎక్కువ అసూయ. విప్లవం అయిదో వార్షికోత్సవానికి, అదే సమయంలో జరిగిన కమ్యూనిస్ట్ ఇంటర్నేషనల్ నాలుగో మహాసభకి వీధుల్లో పెట్టడానికి రకరకాల బడ్డీలు డిజైన్ చేశాడు. అవును, బడ్డీలే. పాన్ డబ్బా సైజు కట్టడాలు. కానీ ఒక్కో బడ్డీ చేసే పని చూడండి. ఒకదానికి పైన లౌడ్‌స్పీకర్, దానికి ఆయన పెట్టిన పేరు రేడియో వక్త. ఇంకోదానికి సినిమా తెర, దాని కింద మనిషి నిలబడి ఉపన్యసించే వేదిక, ఆ పక్కనే పుస్తకాలు పెట్టుకునే అర. మరోదానికి పోస్టర్లు అంటించే పలకలు. అన్నీ చెక్క ముక్కలు, గుడ్డ, లాగి కట్టిన కేబుళ్ళతో. రంగులు ఎరుపు, నలుపు, తెలుపు.

ఇప్పుడు చూస్తే అవి చాలా స్టైలిష్‌గా కనిపిస్తాయి. సన్నటి కర్రల చట్రం, గాల్లో వేలాడే లౌడ్‌స్పీకర్ కోన్, ఏటవాలు పలకలు. ఏ స్టార్టప్ ఆఫీసు రిసెప్షన్లో పెట్టినా సరిపోతాయి. కానీ ఆ సన్నదనం స్టైల్ కోసం వచ్చింది కాదు, లావు దూలాలు లేక వచ్చింది. ఏటవాలు పలక కింద నిలబడ్డ మనిషికి పైనున్న పోస్టర్ కనపడ్డానికి. కేబుల్ బయటికి కనపడేది, దాన్ని దాచడానికి రేకు లేక. దాచాల్సిన అవసరమూ వాళ్ళకి తోచలేదు. ఈ గుంపుని కన్‌స్ట్రక్టివిస్టులు అన్నారు. 1921లో రాద్‌చెంకో, స్తెపానోవా, అలెక్సీ గాన్ లాంటివాళ్ళు కలిసి ఆ పేరుతో ఓ బృందం పెట్టారు. వాళ్ళ గొడవంతా ఒకటే: గోడకి తగిలించే బొమ్మలు చాలు, జనం వాడుకునే వస్తువులు చేద్దాం. బట్టలు, పోస్టర్లు, కుర్చీలు, బడ్డీలు.

కళా చరిత్రలో ఇలాంటివాళ్ళని అవాంగార్డ్ అంటారు. సైన్యంలో అందరికంటే ముందు నడిచే దళం పేరది. ముందు నడిచేవాళ్ళకి ఏమవుతుందో తెలుసు కదా.

క్లుత్సిస్ బడ్డీలు చాలావరకు కాగితం మీదే మిగిలిపోయాయి. ఆ ఉద్యమంలో నిజంగా లేచి నిలబడ్డ చిన్న కట్టడాల్లో పేరున్నవి కాన్‌స్తాంతిన్ మెల్నికోవ్‌వి. 1923లో మాస్కో వ్యవసాయ ప్రదర్శనలో మఖోర్కా అనే నాటు పొగాకు కోసం ఓ చెక్క పెవిలియన్ కట్టాడు. అదే ప్రదర్శనలో అలెగ్జాండ్రా ఎక్స్‌తర్, బోరిస్ గ్లద్‌కోవ్ కలిసి ఇజ్వెస్తియా పత్రికకి మరో పెవిలియన్ గీశారు. ఇక 1925 పారిస్ ఎక్స్‌పోలో సోవియట్ దేశం తరఫున మెల్నికోవ్ కట్టిన పెవిలియన్ చూసి యూరప్ నోరెళ్ళబెట్టింది. మామూలు దీర్ఘచతురస్రం. కానీ దాన్ని మూల నుంచి మూలకి మెట్లదారితో కోసేశాడు. లోపలికి పని లేకపోయినా అటునుంచి ఎక్కి ఇటు దిగొచ్చు. చెక్క, గాజు, ఎర్ర రంగు. ఎక్స్‌పో అయిపోగానే విప్పేశారు.

ఆ మెట్లదారిని గుర్తుపెట్టుకుని లా విలెట్ ఫోలీల్ని చూడండి. బయటికి పొడుచుకొచ్చిన మెట్లు, బయటపడిన చట్రం, ఎరుపు. విమర్శకులు ఈ పోలిక వెంటనే పట్టేశారు. 1988లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో పెట్టిన డీకన్‌స్ట్రక్టివిస్ట్ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో చూమీతో పాటు జాహా హదీద్, రెమ్ కూల్‌హాస్ లాంటి ఏడుగురి పనిని చూపిస్తూ, దానికి మూలాలు ఇరవైల నాటి రష్యాలో ఉన్నాయని నిర్వాహకులే చెప్పారు.

ఇక్కడే నాకు గొంతులో ముల్లు పడుతుంది. మా ఫీల్డులో ఓపెన్ సోర్స్ కోడ్ వాడితే లైసెన్స్ ఫైల్ కూడా పెట్టాలి, రాసినవాడి పేరు ఉంచాలి. రూపానికి అలాంటి ఫైల్ ఏదీ ఉండదు. క్లుత్సిస్ తర్వాత స్టాలిన్ పంచవర్ష ప్రణాళికలకి ఫొటోలు కత్తిరించి అతికించిన అద్భుతమైన పోస్టర్లు చేశాడు. పార్టీ కోసం ప్రాణం పెట్టాడు. 1938 జనవరిలో అదే ప్రభుత్వం అరెస్టు చేసి, ఫిబ్రవరి 26న కాల్చి చంపింది. ఆయన లాట్వియా వాడు కావడమే నేరమైన రోజులవి. కాల్చారన్న నిజం బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. మెల్నికోవ్‌ని 1937లో వృత్తి చెయ్యనివ్వకుండా పక్కన పెట్టేశారు. మాస్కోలో తనకోసం కట్టుకున్న సిలిండర్ల ఇంట్లోనే మిగతా జీవితం గడిపి 1974లో పోయాడు. లా విలెట్ కబేళా మూతపడ్డదీ 1974లోనే. యాదృచ్ఛికమే, కానీ నాకు చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది.

అంటే, ఒకచోట అవసరం లోంచి పుట్టిన రూపం. దాన్ని గీసినవాళ్ళని చంపేశారు, నోరు మూయించారు. అరవై ఏళ్ళ తర్వాత ఇంకోచోట అదే రూపం, అవసరం ఊసు లేకుండా, మంచి ఉక్కుతో, ప్రభుత్వ బడ్జెట్‌తో, పార్కులో అలంకారంగా. ఇది వారసత్వమా, దొంగతనమా?

చాలాకాలం నా జవాబు రెండోదే. కానీ ఆ స్థలం చరిత్ర చదివాక వాదన అంత తేలిగ్గా నడవదని తెలిసింది. పారిస్ అరవైల్లో ఆ పాత కబేళాని కూలగొట్టి, కొత్తగా మహా ఆధునికమైన కబేళా కట్టడం మొదలెట్టింది. ఖర్చు చుక్కలు తాకింది. పని నడుస్తుండగానే ఫ్రిజ్ లారీలు వచ్చేశాయి. పశువుల్ని పారిస్ దాకా తోలుకొచ్చి కొయ్యాల్సిన అవసరమే పోయింది. ఎక్కడో కోసి మాంసం లారీలో పంపిస్తే సరి. పూర్తిగా పనిని చూసుకుని, ఆ పనికోసమే కట్టిన బిల్డింగ్ పూర్తయ్యేలోపే పని మాయం! స్కాండల్ అయింది. ఆ మాంసం వేలం హాలు కోసం లేచిన బ్రహ్మాండమైన కాంక్రీటు చట్రాన్నే తర్వాత మార్చి 1986లో సైన్స్ మ్యూజియంగా తెరిచారు.

ఆరు నెలలు రాసిన ఫీచర్ రిలీజు రోజున 'ఇది ఇప్పుడు అక్కర్లేదు' అనిపించుకున్నవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ జర్మనీలో. వీల్ ఆమ్ రైన్ అనే ఊళ్ళో విట్రా కుర్చీల ఫ్యాక్టరీ 1981లో తగలబడింది. దాంతో సొంత ఫైర్ స్టేషన్ ఉండాలనుకుని జాహా హదీద్‌కి అప్పగించారు. ఆవిడ కాలేజీ రోజుల్లోనే కన్‌స్ట్రక్టివిస్టుల సమకాలికుడు మలేవిచ్ బొమ్మల్ని తీసుకుని, థేమ్స్ నది వంతెన మీద ఓ హోటల్‌గా మార్చి గీసిన మనిషి. 1993లో ఫైర్ స్టేషన్ పూర్తయింది: కత్తి అంచుల్లాంటి కాంక్రీటు గోడలు, ఎటు చూసినా దూసుకుపోతున్నట్టు. కొన్నేళ్ళకే అక్కడ ఫైర్ ఇంజన్ల అవసరం తీరిపోయింది. ఇప్పుడది ప్రదర్శనలు పెట్టే హాలు. ఆ గోడలు చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తారు.

కాబట్టి చూమీ చెప్పిందాంట్లో పస ఉంది. పని మారిపోతుంది, కొన్నిసార్లు బిల్డింగ్ కంటే ముందే చచ్చిపోతుంది. గడి ఖాళీగా ఉంచితే తర్వాతి మనిషి ఏదో ఒకటి నింపుకుంటాడు. లా విలెట్‌లో అలాగే జరిగింది. కొన్ని ఫోలీల్లో తిండి దొరుకుతుంది, కొన్నిట్లో పిల్లలకి వర్క్‌షాపులు, కొన్ని ఊరికే నిలబడి ఉంటాయి. ఊరికే నిలబడ్డవి కూడా పని చేస్తున్నాయని నాకు చూపించింది మా వాడే. పార్కులో మేము విడిపోయాక వాడికి ఫోన్ చేశా, ఎక్కడున్నావురా అని. "కాలువ దాటాక రెండో ఎర్రదాని కింద" అన్నాడు. రెండు నిమిషాల్లో దొరికాడు. అప్పటికే వాడి కాళ్ళ దగ్గర ఓ కుటుంబం దుప్పటి పరుచుకుని భోంచేస్తోంది, పైన మెట్ల మీద ఇద్దరు టీనేజర్లు డాన్స్ స్టెప్ ప్రాక్టీస్ చేస్తున్నారు, అవతల ఎవరో డోలు వాయిస్తున్నారు. 136 ఎకరాల పచ్చిక మీద 120 మీటర్లకో ఎర్ర పిన్ను. లొకేషన్ షేరింగ్ రాకముందే గుచ్చిన పిన్నులు.

అయినా నా తూకం ఇంకా క్లుత్సిస్ వైపే మొగ్గుతుంది. కారణం చెప్తా. చూమీ ఖాళీ గడికి వెనకాల 136 ఎకరాల స్థలం ఉంది, మెయింటెనెన్స్ చేసే సంస్థ ఉంది, డబ్బున్న దేశం ఉంది. ఖాళీగా ఉంచడం ఓ ఖరీదైన స్వేచ్ఛ. చెక్క కూడా దొరకని వీధిలో ఆ స్వేచ్ఛ ఉండదు. అక్కడ ప్రతి కర్రా జవాబు చెప్పాలి. పైగా క్లుత్సిస్ బడ్డీ ఒక్కటే పని చెయ్యదు: అరుస్తుంది, చూపిస్తుంది, చదివిస్తుంది, ఎవరో ఒకరు ఎక్కి మాట్లాడ్డానికి చోటిస్తుంది. ఆ అరుపులో ఒకే పార్టీ గొంతు వినపడేదన్నది నిజం, అది మర్చిపోకూడదు. అదే గొంతు చివరికి ఆయన్ని మింగింది. కానీ ఆ చట్రం ఉంది చూశారూ, తక్కువ సామానుతో ఎక్కువ పనులు చేయించే చట్రం, అది ఏ పార్టీదీ కాదు. ఎర్ర రంగునీ వంకర మెట్లనీ అందరూ తెచ్చుకున్నారు. ఆ పొదుపుని తెచ్చుకున్నవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు.

మనకి వాళ్ళ రష్యా మరీ దూరమేం కాదు. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర కొట్లలో చవగ్గా దొరికిన పుస్తకాలు మీ తాతయ్య బీరువాలో ఇంకా ఉండొచ్చు. ఓసారి తీసి అట్టలు చూడండి. అక్షరాలు ఏటవాలుగా, రంగులు రెండో మూడో. కొన్నిటి మీద ఆ ఇరవైల వాసన ఇంకా ఉంటుంది.

సరే, ఈ వారం హోంవర్క్. 27 అగ్గిపెట్టెలు తీసుకోండి, లేదా ఫోన్‌లో ఏదైనా త్రీడీ యాప్. మూడు బై మూడు బై మూడు పేర్చండి. అందులోంచి కనీసం పది తీసెయ్యండి, కూలకుండా. మెట్లదారి ఒకటి తగిలించండి. ఇక్కడిదాకా చూమీ పద్ధతి. ఇప్పుడు క్లుత్సిస్ పద్ధతి: మీకు తెలిసిన ఏదో ఒక వీధి మూలలో దాన్ని పెట్టినట్టు ఊహించుకుని, అది చేసే మూడు పనులు ఓ కాగితం మీద రాయండి. నీళ్ళు ఇస్తుందా, నీడ ఇస్తుందా, బస్సు ఎప్పుడొస్తుందో చెప్తుందా, మీ ఇష్టం. ఆ మూడు పనుల్లో ఏదీ చెయ్యని పెట్టె ఉంటే అదీ పీకెయ్యండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఫొటో తీసి పంపండి. బాగున్నవి వచ్చే వారం వేస్తాను.

ఒక్క షరతు. ఎర్ర రంగు వద్దు, అది ఇప్పటికే రెండుసార్లు అయిపోయింది.